సుత్తి లీగ్ ప్లేఆఫ్స్: పసుపు బంతి వికెట్ దాటిందా, లేదా?

పెరటి పెద్ద (నిర్వాహకుడు) | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ ఒకరోజు ఆలస్యంగా చవితి శుభాకాంక్షలు. మిగిలిన ఉండ్రాళ్ళు తింటూ ఇది టైప్ చేస్తున్నాను, అచ్చుతప్పులుంటే నేతి చేతులవి.

మన పెరటి క్రోకే లీగ్ దశ అయిపోయింది. ఆరు జట్లు, జట్టుకు ఇద్దరు, ఒక్కొక్కరికి పది ఆటలు. ఓరుగల్లు 8 గెలిచి పైన ఉంది. గోదావరి 7, సీమ 5, విశాఖ 5, నెల్లూరు 3 (మా జట్టే, నవ్వకండి), కరీంనగర్ 2. సీమకీ విశాఖకీ సమానమైనా మొత్తం పాయింట్లలో సీమ ముందుంది కాబట్టి మూడో స్థానం సీమది.

ఈరోజు మొదటి సెమీస్‌లో ఓరుగల్లు 32-21తో విశాఖను ఓడించింది. పేచీ ఏమీ లేదు. రెండో సెమీస్ గోదావరికీ సీమకీ. అక్కడ జరిగింది కింద స్కోరుబుక్కు రాస్తాడు. తమ్ముడూ, ఉన్నదున్నట్టు రాయి, కవిత్వం వద్దు.

నాకు ఒక్కటే కావాలి. ఫైనల్ వచ్చే శనివారం అయిపోవాలి. సోమవారం పొద్దున మా లాన్‌కి ఏరేషన్ (మెషిన్‌తో మట్టిలో చిల్లులు పొడవడం), ఆ వెంటనే విత్తనం. మాది ఫెస్క్యూ గడ్డి. ఇక్కడ నార్త్ కరోలైనాలో సెప్టెంబర్ దాటనిస్తే చలి వచ్చేలోపు వేరు పట్టదు. విత్తనం పడ్డాక నెలరోజులు ఆ గడ్డి మీద ఎవరినీ కాలు పెట్టనివ్వను, వినాయకుడే మూషికం దిగి వచ్చినా సరే.

స్కోరుబుక్కు | ఆదివారం, రాత్రి 9:40

ఉన్నదున్నట్టే.

గోదావరి వాళ్ళవి నీలం, నలుపు. సీమ వాళ్ళవి ఎరుపు, పసుపు. మన రూలు ప్రకారం 90 నిమిషాలు అయ్యాక విజిల్ వేశాను. విజిల్ తర్వాత ఒక్కో బంతికి ఒక్కో ఆఖరి వంతు. నీలం ఆడింది. ఎరుపు ఆడింది. నలుపు నడిమి వికెట్ కమ్మీకి తగిలి పక్కకు జారింది. అప్పటికి గోదావరి 24, సీమ 23. మిగిలింది పసుపు ఒక్కటే. తిరుగు దారిలో దానికి నడిమి వికెట్ రావాలి. వస్తే 24-24.

పసుపు కొట్టాడు. బంతి వికెట్‌లోకి వెళ్ళింది, ఆగింది. నేను లేచి చూద్దామని రెండడుగులు వేశాను. సరిగ్గా అప్పుడే వాన. చినుకులు కాదు, కుండపోత. అందరం డెక్ కిందికి పరిగెత్తాం.

తిరిగి చూసేసరికి గోదారి గట్టు గారి అమ్మగారు లాన్ మధ్యలో ఉన్నారు. నాలుగు బంతులూ కొంగులో వేసుకున్నారు. రెండు వికెట్లు కూడా పీకి చంకలో పెట్టుకున్నారు. డాబా మీద ఎండబెట్టిన వడియాలు వానకి తడవకుండా ఎత్తినట్టు, పది సెకన్లలో మొత్తం ఎత్తేశారు. అంత వేగం ఈ సీజన్లో ఏ ఆటగాడి దగ్గరా చూడలేదు.

ఫలితం కాలమ్‌లో ప్రశ్నార్థకం పెట్టాను.

సీమ సుత్తి | ఆదివారం, రాత్రి 9:58

దాటింది. నేను కొట్టిన బంతి, నా కళ్ళతో చూసినా. ఇంక చర్చ ఎందుకప్పా?

గోదారి గట్టు | ఆదివారం, రాత్రి 10:03

అన్నా, మీరు కొట్టిన చోటికీ వికెట్‌కీ పన్నెండు అడుగులు. అక్కడ్నించి చూస్తే అన్నీ దాటినట్టే కనిపిస్తాయి. బంతి వికెట్‌లో ఇరుక్కుంది. నేను పక్కనే ఉన్నాను.

సీమ సుత్తి | ఆదివారం, రాత్రి 10:05

నువ్వు పక్కన లేవు తమ్ముడూ. పులిహోర గిన్నె దగ్గర ఉన్నావు. సాక్షులున్నారు.

కరీంనగర్ కుర్రోడు | ఆదివారం, రాత్రి 10:11

నేనే సాక్షి. రెండోసారి వడ్డించుకుంటుండె.

మేం రెండే గెలిచినం కాబట్టి మాకు ఈ టెన్షన్లు లేవు. చిప్స్ ప్యాకెట్ పట్టుకొని చదువుతున్న.

నిన్ననే చేరా | ఆదివారం, రాత్రి 10:30

నమస్తే. మారిస్‌విల్‌కి కొత్తగా వచ్చాం. మావారి ఆఫీసులో ఎవరో ఈ లింకు ఇచ్చారు. క్రికెట్ లీగ్ అనుకుని వచ్చాను. వికెట్ అంటున్నారు, బంతి అంటున్నారు, కానీ వికెట్ దాటడం ఏమిటో అర్థం కాలేదు. సుత్తి అంటే ఇక్కడ మాట్లాడేది అనుకోవచ్చా?

ఓరుగల్లు వదిన | ఆదివారం, రాత్రి 10:52

స్వాగతం చెల్లీ. రెండు అర్థాలూ కరెక్టే.

ఇది క్రోకే. మా అత్తగారు హనుమకొండలో అందరికీ "మా కోడలు అమెరికాలో క్రికెట్ ఆడుతది" అని చెప్పుకుంటున్నది. రెండేళ్ళు దిద్దిన, ఇంక వదిలేసిన. పేరులో చివరి అక్షరం పలకరు, అదొక్కటి గుర్తుపెట్టుకో.

మేం ఆడేది పెరటి ఆట, తొమ్మిది వికెట్లది. వికెట్ అంటే నేలలో గుచ్చిన ఇనప కమ్మీ, గుమ్మంలాగ వంచి ఉంటది. ఈ చివర ఒక గుంజ, ఆ చివర ఒక గుంజ. మధ్యల తొమ్మిది గుమ్మాలు, పైనుంచి చూస్తే రెండు డైమండ్లు ఆనించినట్టు. కొయ్య సుత్తితో నీ బంతిని కొట్టుకుంట ఈ గుంజ నుంచి ఆ గుంజకి పోవాలె, దాన్ని తాకాలె, మళ్ళా వెనక్కి రావాలె. పోయేటప్పుడు ఏడు గుమ్మాలు, వచ్చేటప్పుడు ఏడు, గుంజలు రెండు, మొత్తం బంతికి 16 పాయింట్లు. జట్టుకి రెండు బంతులు, కాబట్టి 32 ముందు ఎవరు చేస్తే వాళ్ళు గెలిచినట్టు. అసలు కొలత వంద అడుగుల పొడవు, యాభై అడుగుల వెడల్పు. అంత పెరడు మనల ఎవరికున్నది? సగానికి కుదించుకున్నం.

వంతుకి ఒక్క దెబ్బే. కానీ గుమ్మం దాటితే ఇంకో దెబ్బ వస్తది. వేరేవాళ్ళ బంతిని కొడితే రెండు దెబ్బలు. అసలు మజా ఇక్కడున్నది. కొట్టినంక నీ బంతిని వాళ్ళ బంతికి ఆనించి పెట్టి, నీ దాని మీద కాలు పెట్టి తొక్కిపట్టి, సుత్తితో ఒక్కటిస్తే వాళ్ళ బంతి పక్కింటి కంచెదాకా పోతది. మొగుడూ పెళ్ళాలని ఒకే జట్టుల పెట్టడానికి కారణం ఇదే. మొదటి ఏడు వేరేవేరే జట్లల పెట్టినం. రెండు వారాలు కొందరి ఇండ్లల్ల వంట కాలే.

ఒక బంతిని కొట్టినంక, మళ్ళా గుమ్మం దాటేదాక అదే వంతుల దాన్ని ఇంకోసారి కొట్టి దెబ్బలు తీసుకునే హక్కు లేదు. గుమ్మం దాటితే లెక్క మళ్ళా మొదటికొస్తది. ఇంతే ఆట. మిగిలినదంత గొడవ.

నిన్ననే చేరా | ఆదివారం, రాత్రి 11:04

చాలా బాగా చెప్పారు వదినా. చీరలో ఆడొచ్చా?

ఓరుగల్లు వదిన | ఆదివారం, రాత్రి 11:09

కాళ్ళ మధ్య నుంచి ఊపుతే గురి బాగుంటది, చీరల కష్టం. నేను పక్క నుంచి ఊపుత. పంజాబీ డ్రెస్‌ల రా.

లండన్ బాబాయి | సోమవారం, ఉదయం 4:15

ఇక్కడ తెల్లవారి తొమ్మిదింబావు. టీ తాగుతూ మీ గొడవంతా చదివాను.

ముందు ఒక మాట. మా క్లబ్‌లో ఆడేది ఆరు హూప్‌లు (మీరు వికెట్లు అనేవే), మధ్యలో ఒక గుంజ. లాన్ 35 గజాలు, 28 గజాలు. గడ్డి బిలియర్డ్స్ బల్ల మీది గుడ్డలా ఉంటుంది. పెద్ద పోటీల్లో బంతికీ హూప్‌కీ మధ్య ఖాళీ మిల్లీమీటర్ అటూ ఇటూ. మీ వికెట్లలోంచి గుమ్మడికాయ కూడా దొర్లుతుంది. అయినా ఇరుక్కుందా లేదా అని కొట్టుకుంటున్నారంటే మీ గడ్డి ఎత్తు ఎంతో ఊహించగలను.

ఇక అసలు సంగతి. దాటిందా లేదా అన్నది కళ్ళతో తేల్చేది కాదు. బంతి ఏ వైపు నుంచి లోపలికి వెళ్ళిందో ఆ వైపు, రెండు కమ్మీల ముఖానికి ఆనించి సుత్తిని పైనుంచి నిలువుగా కిందికి దించాలి. బంతికి తగలకుండా నేలకి దిగితే దాటినట్టు. తగిలితే దాటనట్టు. సగం దాటింది, ముప్పావు దాటింది అనే లెక్కలు లేవు. అవతలి వైపు ఎంత బయటికి వచ్చిందన్నది ఎవరికీ అక్కర్లేదు.

ఆటగాళ్ళు కానివాళ్ళు ఆగి ఉన్న బంతిని కదిపితే, అది ఎక్కడుందో అక్కడే తిరిగి పెట్టి ఆట సాగించాలి. ఆట రద్దు కాదు. కాబట్టి మీరు అడగాల్సిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిడని ఇంతవరకూ ఎవరూ అడగలేదా?

కరీంనగర్ కుర్రోడు | సోమవారం, ఉదయం 8:20

బాబాయి చెప్పింది కరెక్ట్. కానీ ఆంటీ గోదారి అన్న వాళ్ళ అమ్మ. ఆమె ఏం చెప్తదో తెల్వదా?

గోదారి గట్టు | సోమవారం, ఉదయం 8:31

మా అమ్మ అబద్ధం చెప్పదు. ఆ మాట ఇంకోసారి అంటే బాగుండదు.

అయినా ఆవిడకి ఈ ఆట తెలియదు. ఎండలో ఇనప కమ్మీలు గుచ్చుకుని ఆడే పిచ్చి ఆట అంటుంది.

సీమ సుత్తి | సోమవారం, ఉదయం 8:44

క్లిప్పు సంగతి ఎవరూ మాట్లాడరే? మన లీగ్‌లో ఎవరి బంతి తర్వాత ఏ వికెట్ దాటాలో గుర్తుకి ఆ రంగు బట్టల క్లిప్పు ఆ వికెట్‌కి పెడతాం కదా. పసుపు క్లిప్పు నడిమి వికెట్ మీద నుంచి నేను తీసేసినా. తర్వాతి వికెట్‌కి పెట్టేలోపు వాన వచ్చింది. ఇప్పుడు అది నా జేబులో ఉంది. దాటకపోతే ఎందుకు తీస్తాను?

స్కోరుబుక్కు | సోమవారం, ఉదయం 8:50

పన్నెండు అడుగుల దూరం నుంచి క్లిప్పు ఎలా తీశారు అన్నా?

సీమ సుత్తి | సోమవారం, ఉదయం 8:58

పరిగెత్తినా.

గోదారి గట్టు | సోమవారం, ఉదయం 9:02

క్లిప్పు ఎవరైనా తీయొచ్చు. మొన్న జూలైలో మా ఆవిడ ఆరేసిన బట్టలకి పెట్టింది.

ఓరుగల్లు వదిన | సోమవారం, ఉదయం 9:30

మావారు ఫొటో తీసిండ్రు. ఇప్పుడే చూసిన. ముందల పులిహోర గిన్నె, వెనకాల నడిమి వికెట్ స్పష్టంగ కనబడుతున్నది. టైము చూస్తే దెబ్బకి పది నిమిషాల ముందు. పులిహోర మాత్రం బాగున్నది.

పెరటి పెద్ద (నిర్వాహకుడు) | సోమవారం, మధ్యాహ్నం 12:15

లంచ్‌లో చదువుతున్నాను. ఈ గొడవలో మనం మర్చిపోయిన విషయం ఒకటి ఉంది. పసుపు నిజంగా దాటి ఉంటే 24-24 అయి ఆట అక్కడితో ఆగదు. వికెట్ దాటినందుకు పసుపుకి ఇంకో దెబ్బ బాకీ. అది ఇంకా ఆడలేదు. నలుపు బంతి దగ్గర్లోనే ఉంది. దాన్ని కొడితే మళ్ళీ రెండు దెబ్బలు. అంటే సీమ ఆ వంతులోనే గెలిచే వీలుంది.

కాబట్టి పసుపు ఒక్కటే కాదు, నాలుగు బంతులూ ఎక్కడున్నాయో తెలియాలి. నాలుగూ అమ్మగారి కొంగులోకే వెళ్ళాయి.

గట్టు గారూ, సాయంత్రం అమ్మగారిని అడగండి. మీరు అడిగితే బాగుండదు, స్కోరుబుక్కు వస్తాడు. మీరు వంటింట్లో ఉండండి.

లండన్ బాబాయి | సోమవారం, మధ్యాహ్నం 1:40

ఈలోగా ఎవరైనా "ఇంత చిన్న ఆటకి ఇంత రభసా" అంటే వాళ్ళకో సంగతి. వింబుల్డన్ అంటే ఇప్పుడు టెన్నిస్. కానీ ఆ క్లబ్ 1868లో పుట్టింది క్రోకే కోసం. ఆల్ ఇంగ్లండ్ క్రోకే క్లబ్ అని పేరు. లాన్ చదును చేసే రోలర్‌ని పొట్టి గుర్రం లాగేది. ఆ రోలర్ పాడైతే బాగుచేయించడానికి డబ్బు కావాలి, అందుకని 1877లో ఓ టెన్నిస్ పోటీ పెట్టారని చెబుతారు. ఒంటె గుడారంలో తలపెట్టినట్టే అయింది. ఐదేళ్ళకే, 1882లో, పేరులోంచి క్రోకేనే తీసేశారు. మళ్ళీ 1899లో జాలిపడి చివర్లో తగిలించారు. ఈరోజుకీ ఆ పేరు ఆల్ ఇంగ్లండ్ లాన్ టెన్నిస్ అండ్ క్రోకే క్లబ్.

1900 పారిస్ ఒలింపిక్స్‌లో క్రోకే ఉంది. ఆడినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు, ఆడవాళ్ళు పాల్గొన్న మొదటి ఒలింపిక్స్ అవే. పతకాలన్నీ ఫ్రాన్స్‌కే. టికెట్ కొని చూసినవాడు మాత్రం ఒక్కడేనట.

కరీంనగర్ కుర్రోడు | సోమవారం, మధ్యాహ్నం 1:52

మన సెమీస్‌కి 22 మంది వచ్చిండ్రు. ఒలింపిక్స్ కంటే మనమే నయం. పులిహోర పెట్టినందుకు వచ్చిండ్రని ఎవరూ అనొద్దు.

స్కోరుబుక్కు | సోమవారం, రాత్రి 8:47

వెళ్ళొచ్చాను. వాంగ్మూలం ఇది. ఆవిడ మాటలు ఆవిడవే.

"బంతులా? ఎందుకు గుర్తుండవు బాబూ. ఎత్తింది నేనే కదా.

నీలంది నీళ్ళ కుళాయి దగ్గర, మూడు బారల ఇవతల. ఎర్రది ఎడమ పక్క కమ్మీకి జానెడు ముందు, సూటిగా. నల్లది నడిమి కమ్మీకి ఎడంగా, బారెడు దూరంలో. పచ్చది నడిమి కమ్మీ గుమ్మంలో.

గుమ్మంలో అంటే, గడప మీద కాదు, గడప దాటి. నేను వంగి దాన్ని తీసినప్పుడు వెనకవైపు నా చెయ్యి కమ్మీకి తగల్లేదు, బంతికీ కమ్మీకీ మధ్య రెండు వేళ్ళు పట్టే చోటుంది. ముందువైపు అయితే మొత్తం బయటే ఉంది. చంద్రహారం మెళ్ళో వేసుకున్నట్టు లేదు, తీసి పక్కన పెట్టినట్టు ఉంది.

మా వాడు ఓడిపోతాడా అలా అంటే? ఓడిపోతే పోనీ. వాడికి ఈ మధ్య పొట్ట వస్తోంది."

చంద్రహారం పోలిక నాకూ పూర్తిగా అర్థం కాలేదు. కానీ రెండు వేళ్ళ మాట మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ అదే చెప్పారు, నా చేతి మీద కొలిచి చూపించారు.

సీమ సుత్తి | సోమవారం, రాత్రి 8:49

అమ్మా, మీ కాళ్ళకి దండం.

కరీంనగర్ కుర్రోడు | సోమవారం, రాత్రి 8:50

ఆంటీ మీద అన్న మాట వాపస్ తీసుకుంటున్న. గోదారి అన్నా, సారీ.

గోదారి గట్టు | సోమవారం, రాత్రి 9:35

సరే. అమ్మ చెప్పింది కదా, ఒప్పుకుంటున్నాను. పొట్ట విషయం రికార్డుల్లోంచి తీసేయండి.

కానీ ఒక ప్రశ్న. ఆ ఆఖరి దెబ్బ మా నలుపుకి తగలకపోతే 24-24 సమం. అప్పుడేం చేస్తాం? మన రూల్స్‌లో సమం అయితే ఏంటో రాయలేదు.

లండన్ బాబాయి | మంగళవారం, ఉదయం 3:50

మా దగ్గర గడువు అయ్యాక సమంగా ఉంటే ఆట అలాగే సాగుతుంది. తర్వాతి పాయింటు ముందు ఎవరు చేస్తే వాళ్ళు గెలిచినట్టు. అదే పెట్టుకోండి.

పెరటి పెద్ద (నిర్వాహకుడు) | మంగళవారం, ఉదయం 7:30

ఖాయం. బుధవారం సాయంత్రం ఆరున్నరకి మా పెరట్లో. ఏడున్నరకల్లా చీకటి పడుతుంది, ఆలస్యంగా రాకండి. బంతులు అమ్మగారే పెడతారు. కార్లు వీధిలో పెట్టొద్దు. పోయినసారి పెడితే హెచ్‌ఓఏ (మా కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం) నుంచి ఉత్తరం వచ్చింది, దాన్ని ఫ్రిజ్ మీద అంటించాను.

గడ్డి విషయం కూడా చెప్పేస్తాను. ఫెస్క్యూని మూడున్నర అంగుళాలు ఉంచాలని గడ్డివాళ్ళు అంటారు. ప్లేఆఫ్స్ కోసం రెండు అంగుళాలకి కోశాను. ఎండకి గడ్డి పసుపు తిరిగింది, కింద ఎర్రమట్టి కనిపిస్తోంది. కరోలైనా మట్టి చూస్తే మా ఉదయగిరి వైపు చేలే గుర్తొస్తాయి. ఎండితే ఇటుక, తడిస్తే బంక. "బెర్ముడా గడ్డి అయితే అంగుళానికి కోసుకోవచ్చు, బంతి దానంతట అదే పోతుంది" అని సలహాలు ఇచ్చేవాళ్ళు తమ లాన్లో లీగ్ పెట్టుకోవచ్చు. ఆడలేక మద్దెల ఓడు అనకండి.

గోదారి గట్టు | మంగళవారం, ఉదయం 7:41

ఎవరూ ఏమీ అనలేదు అన్నా.

స్కోరుబుక్కు | బుధవారం, రాత్రి 8:20

ప్రత్యక్ష ప్రసారం చేద్దామనుకున్నాను, దోమలు చేయనివ్వలేదు. అయిపోయింది. రాస్తున్నాను.

అమ్మగారు ఆరున్నరకల్లా వచ్చి నాలుగు బంతులూ పెట్టారు. పసుపుని పెట్టాక సుత్తి ఆనించి దించాను. తగల్లేదు. దాటినట్టే. 24-24.

పసుపుకి బాకీ ఉన్న దెబ్బ. నలుపు బారెడు దూరం, అంటే ఐదున్నర అడుగులు. సీమ అన్న వంగి, లేచి, మళ్ళీ వంగి, నుదుటికి సుత్తి ఆనించుకుని దండం పెట్టుకుని కొట్టాడు. నలుపు పక్కనుంచి వెళ్ళింది. మధ్యలో వేలు పట్టే సందు కూడా లేదు. ఆయన అరగంట సేపు ఆ సందువైపే చూశారు.

నీలం వంతు. ఇక్కడ అందరికీ ఊపిరి ఆగింది. ఎర్రబంతి దాని వికెట్‌కి జానెడు దూరంలో ఉంది, కొడితే పోతుంది. తర్వాతి వంతు ఎరుపుదే. గట్టు గారు చేయాల్సింది ఎర్రదాన్ని కొట్టి కంచెదాకా పంపడం. ఆయన మాత్రం తన వికెట్‌నే ఎంచుకున్నారు, ఎనిమిది అడుగుల దూరం నుంచి. కమ్మీకి టంగుమని తగిలి పక్కకు పోయింది.

ఎరుపు వంతు. సీమ వదిన వచ్చారు, కొట్టారు, బంతి వికెట్ దాటింది. సెకనులో అయిపోయింది. 25-24. సీమ ఫైనల్‌కి.

ఓరుగల్లు వదిన | బుధవారం, రాత్రి 8:33

గట్టు గారూ, ఎర్రదాన్ని ఎందుకు కొట్టలే?

గోదారి గట్టు | బుధవారం, రాత్రి 8:51

రెండు కారణాలు. ఒకటి, నాకు ఎర్రది ఇరవై అడుగుల దూరంలో ఉంది, వికెట్ ఎనిమిదిలో ఉంది. దగ్గరది చూసుకున్నాను.

రెండోది ఇప్పుడు చెప్పను.

కరీంనగర్ కుర్రోడు | బుధవారం, రాత్రి 8:53

రెండోది నేను చెప్తా. ఎర్రదానికి గురిపెడుతుంటే ఆంటీ డెక్ మీద నుంచి "ఆడపిల్ల బంతిని కొడతావేంట్రా" అన్నది. నేను విన్న.

గోదారి గట్టు | బుధవారం, రాత్రి 8:54

నేను చెప్పనన్నది అదే.

నిన్ననే చేరా | బుధవారం, రాత్రి 9:10

మేం కూడా వచ్చాం, వెనకాల నిలబడ్డాం. ఫైనల్‌కి వంట ఏమైనా తేవాలా? వచ్చే ఏడు ఏ జట్టులో చేర్చుకుంటారు? మాది శ్రీకాకుళం.

పెరటి పెద్ద (నిర్వాహకుడు) | బుధవారం, రాత్రి 9:22

వంట తేవాలి. శ్రీకాకుళం జట్టు లేదు, మీరే పెట్టండి. ఏడు జట్లయితే ఒకరికి ప్రతి వారం సెలవు. వాళ్ళు వడ్డిస్తారు.

స్కోరుబుక్కు | శనివారం, రాత్రి 7:05

ఫైనల్: ఓరుగల్లు 32, సీమ 19.

రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఓరుగల్లు వాళ్ళు రెండో వంతులోనే సీమ పసుపుని కంచెదాకా పంపారు. అది తిరిగి వచ్చేసరికి వీళ్ళ బంతులు తిరుగు దారిలో ఉన్నాయి. వదిన గారు ఒకే దెబ్బకి మొదటి రెండు వికెట్లూ దాటించారు, దాంతో రెండు దెబ్బలు కలిసొచ్చాయి. 58 నిమిషాల్లో ముగిసింది. కప్పు ఇత్తడి చెంబు. పోయినేడు మీద చెక్కిన పేర్ల కింద చోటు లేదు, మూత మీద చెక్కించాలి.

శ్రీకాకుళం చెల్లి తెచ్చిన చేపల పులుసు మాత్రం ఫైనల్ కంటే ఎక్కువసేపు నడిచింది.

సీమ సుత్తి | శనివారం, రాత్రి 7:30

సెమీసే మా ఫైనల్. దాంతో మాకు చాలు. అమ్మగారికి ఒక చీర పెడతున్నాము. లంచం అనుకోవద్దండి, ఆట అయిపోయింది.

పెరటి పెద్ద (నిర్వాహకుడు) | శనివారం, రాత్రి 9:15

అందరికీ థాంక్స్. సామాను సర్దుతున్నాను. బంతులు నాలుగూ ఉన్నాయి. సుత్తులు నాలుగు. గుంజలు రెండు. క్లిప్పులు మూడు, పసుపుది ఎవరి జేబులో ఉందో అందరికీ తెలుసు. వికెట్లు ఎనిమిదే ఉన్నాయి. తొమ్మిదోది ఎవరి దగ్గర ఉంది?

గోదారి గట్టు | శనివారం, రాత్రి 9:31

మా దగ్గర లేదన్నా. కార్లో వెతికాను.

ఓరుగల్లు వదిన | ఆదివారం, ఉదయం 10:00

మా దగ్గర చెంబే ఉన్నది.

పెరటి పెద్ద (నిర్వాహకుడు) | సోమవారం, ఉదయం 9:48

తొమ్మిదో వికెట్ దొరికింది. ఏరేషన్ చేసేవాడికి దొరికింది. పిల్లలెవరో తొక్కితే అది సగం నేలలోకి దిగి గడ్డిలో కలిసిపోయింది. మెషిన్ దాని మీదికి ఎక్కింది. వచ్చిన చప్పుడుకి పక్కింటాయన బయటికి వచ్చాడు. ఒక పన్ను విరిగింది, మెషిన్‌ది. వికెట్ ఇప్పుడు తెలుగు "ల" అక్షరంలా ఉంది. ఫొటో పెడుతున్నాను.

ఆట అయిపోయాక వికెట్లు ఎవరు పీకాలో ఎవరూ ఎందుకు చూడలేదు?

కరీంనగర్ కుర్రోడు | సోమవారం, ఉదయం 9:55

ఆంటీ ఎత్తుతదని అనుకున్నం.

గోదారి గట్టు | సోమవారం, ఉదయం 10:20

అమ్మని అడిగాను. "శనివారం వాన రాలేదుగా, నేనెందుకు ఎత్తుతాను?" అంటోంది.